పాత అమెరికన్ రైల్‌రోడ్ వాచీకి ఆ కేసు మొదటి నుంచీ ఉన్నదేనా? ఎలా తెలుసుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పెన్సిల్వేనియాలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంట్లోని సామాను మొత్తం అమ్మే చోట) హామిల్టన్ 992 పాకెట్ వాచీ చూశారు, ఒకప్పుడు రైల్వే ఉద్యోగులు వాడిన రకం. అమ్మేవాళ్ళు "కేసు ఒరిజినలే" అంటూ దానికి తగ్గట్టే ధర చెబుతున్నారు. కానీ మెషిన్ మీదున్న సీరియల్ నంబరు, వెనక మూత లోపలి నంబరు కలవడం లేదు. కేసు మీద కీస్టోన్ కంపెనీ ముద్ర, "20 ఇయర్స్" అనే మాట ఉన్నాయి గానీ హామిల్టన్ పేరు ఎక్కడా లేదు. సీరియల్ పట్టికలో చూస్తే మెషిన్ 1910ల మధ్యలోది అని తేలింది. మోసపోతున్నానేమోనని మీ భయం.

ముందు ఆ టెన్షన్ తీసేసుకోండి. నంబర్లు కలవకపోవడం తప్పేమీ కాదు, ఆ కాలపు వాచీల్లో అవి కలవవు. మెషిన్ నంబరు మెషిన్ చేసినవాళ్ళది, కేసు నంబరు కేసు చేసినవాళ్ళది. ఇద్దరూ వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు కంపెనీలు. లాంకాస్టర్‌లోని హామిల్టన్ ఫ్యాక్టరీ ఆ రోజుల్లో మెషిన్‌కి డయలూ ముళ్ళూ బిగించి నగల షాపులకి అమ్మేది, అంతే. ఫిలడెల్ఫియాలో కీస్టోన్, కెంటకీలో వాడ్స్‌వర్త్, కాంటన్‌లో డ్యూబర్, సాగ్ హార్బర్‌లో ఫేహిస్, ఇంకా క్రెసెంట్, స్టార్, ఇల్లినాయ్ వాచ్ కేస్ లాంటి కంపెనీలు కేసులు చేసి అదే షాపులకి అమ్మేవి. కొనేవాడు కౌంటర్ దగ్గర నిలబడి ఒక ట్రేలోంచి మెషిన్, ఇంకో ట్రేలోంచి కేసు ఎంచుకునేవాడు. కళ్ళజోడు షాపులో ఫ్రేము మనం ఎంచుకుంటే అద్దాలు దానిలో బిగించి ఇచ్చినట్టే, షాపతను అక్కడికక్కడే రెండూ కలిపి ఇచ్చేవాడు.

ఇది కుదరడానికి కారణం కొలతలు. 16 సైజు అంటే ఏ కంపెనీదైనా మెషిన్ వ్యాసం సుమారు 43 మిల్లీమీటర్లు. 18 సైజు అయితే సుమారు 45. ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది: అమెరికన్ వాచీల్లో కీ ఇచ్చే కాడ ఎక్కువగా మెషిన్‌తో పాటు బయటికి రాదు, కేసు మెడలోనే ఒక చిన్న స్లీవ్‌లో ఉండిపోతుంది. కాబట్టి రెండు స్క్రూలు విప్పి, కాడ పైకి లాగితే మెషిన్ ఊడి వస్తుంది, అదే సైజు మెషిన్ ఇంకోటి దాదాపుగా అదే కేసులో కూర్చుంటుంది. అప్పట్లో వ్యాపారానికి ఇది ఎంత అనుకూలమో, ఇప్పుడు మనకి అంత తలనొప్పి. వందేళ్ళలో ఎవరైనా ఎప్పుడైనా అయిదు నిమిషాల్లో మార్చేసి ఉండొచ్చు.

అందుకే "ఇది ఒరిజినల్ కేసేనా" అని అడిగితే జవాబు తేలదు. "ఈ మెషిన్, ఈ కేసు ఎప్పటినుంచి కలిసి ఉన్నాయి" అని అడగండి. ఆ ప్రశ్నకి కేసే జవాబు చెబుతుంది, చూడడం తెలిస్తే.

ముందు మినహాయింపులు చెప్పేస్తాను, ఎందుకంటే వాటి విషయంలో "ఫ్యాక్టరీ కేసు" అన్న మాటకి నిజంగా అర్థం ఉంది. కీస్టోన్ చేతికి వచ్చాక, అంటే 1903 ప్రాంతం నుంచి, హోవార్డ్ వాచీలు ఫ్యాక్టరీలోనే కేసులో పెట్టి, ఆ కేసులోనే టైము సరిచేసి అమ్మారు. క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ బాల్ కంపెనీ వాచీల్లో మెషిన్ హామిల్టన్‌దో వాల్తమ్‌దో అయినా వాటికి బాల్ పేరున్న కేసులు ఉండేవి. 1920ల మధ్య నుంచి హామిల్టన్, ఇల్లినాయ్ లాంటి కంపెనీలు కూడా వాచీ మొత్తం తామే తయారుగా అమ్మడం మొదలుపెట్టాయి. డయల్ మీద 60 అవర్ అని ఉన్న బన్ స్పెషల్ (ఇల్లినాయ్ వాచ్ కంపెనీ మోడల్) కొంటున్నారనుకోండి, మూత లోపల "బన్ స్పెషల్ మోడల్" అనే ముద్ర వెతకాల్సిందే. అది లేని కేసులో ఉంటే మెషిన్ ఎంత బాగున్నా ఆ ధర ఇవ్వకండి. 1940లో మొదలై 1969 దాకా తయారైన 992బి కూడా అంతే, దానికి హామిల్టన్ గుర్తున్న కేసు ఉండాలి. మీరు చూసింది మాత్రం మామూలు 992, అదీ 1910లది. ఆ కేసులో హామిల్టన్ పేరు లేకపోవడమే సహజం.

ఇక అసలు పరీక్షకి వస్తాను.

మెషిన్‌ని కేసులో పట్టి ఉంచేవి అంచున ఎదురెదురుగా ఉండే రెండు చిన్న స్క్రూలు. వాటి తలలు కేసు లోపలి గట్టు మీద నొక్కుకుని కూర్చుంటాయి. బిగించిన ప్రతిసారీ ఆ తల తిరుగుతూ గట్టు మీద నెలవంక లాంటి గీత పడేస్తుంది. వెండి మీద, గోల్డ్ ఫిల్డ్ (మామూలు లోహం మీద బంగారు రేకు అతికినది) మీద ఈ గీత స్పష్టంగా పడుతుంది. గోల్డ్ ఫిల్డ్ అయితే అక్కడ బంగారు పొర పోయి లోపలి ఇత్తడి రంగు కనిపిస్తుంది. ఆ స్క్రూల చోటు ఒక్కో కంపెనీకి, ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. వాల్తమ్ స్క్రూలు కూర్చున్న చోటే హామిల్టన్ స్క్రూలు కూర్చోవాలని లేదు. కాబట్టి వెనక మూత తీసి, భూతద్దం కంటికి పెట్టుకుని, టేబుల్ లైటుని పక్కవాటుగా పడేలా ఉంచి ఆ గట్టుని చుట్టూ ఒక్కసారి చూడండి. లైటు నేరుగా పైనుంచి పడితే ఏమీ కనిపించదు, ఏటవాలుగా పడితేనే గీతలు లేచి కనిపిస్తాయి.

ఇప్పుడున్న స్క్రూల కింద మాత్రమే గీతలుంటే మంచి లక్షణం. అక్కడే ఒకదాని మీద ఒకటి చాలా గీతలు ఉంటే ఇంకా మంచిది. రైల్వే వాచీలు శుభ్రం చేయించడానికి తరచూ విప్పేవారు, ప్రతిసారీ ఒక గీత పడేది. అలా కాకుండా స్క్రూలకి దూరంగా, ఏ పనీ లేని చోట ఇంకో జత నెలవంకలు కనిపిస్తే ఈ కేసులో ఒకప్పుడు వేరే మెషిన్ కాపురం చేసిందన్నమాట. అసలు గీతలే లేకపోయినా నేను అనుమానిస్తాను. వందేళ్ళ మెషిన్ స్క్రూల కింద గట్టు అద్దంలా నున్నగా ఉందంటే ఆ జంట నిన్నమొన్న కుదిరిందే.

గీత ఉందా లేదా అన్నదే కాదు, గీత ముఖం కూడా చూడాలి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. సుమారు పదిహేనేళ్ళ కింద ఓహైయోలో ఒక వాచీల సంతలో 23 జ్యూయెల్స్ (మెషిన్‌లో రాపిడి తగ్గించే చిన్న రాళ్ళు) ఉన్న వాల్తమ్ వాన్‌గార్డ్ కొన్నాను. ఒకే కుటుంబంలో ఉన్నది, కేసు మొదటినుంచీ ఇదే అని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. వెనక మూత తీసి పైపైన చూసి, స్క్రూల దగ్గర గీతలున్నాయి కదా అని తృప్తిపడి డబ్బిచ్చేశాను. ఆ రాత్రి ఇంట్లో లైటు కింద పెట్టి చూస్తే, స్క్రూల కింది గీతలు నిగనిగలాడుతూ కొత్తగా ఉన్నాయి, ఒక్కో చోట ఒక్కటే. వాటికి వేలెడు దూరం కూడా లేకుండా రెండో జత కనిపించింది. ఆ గీతల్లో నల్లటి మురికి పేరుకుని గట్టిపడిపోయి ఉంది. దశాబ్దాల తరబడి ఆ కేసులో బతికింది ఇంకేదో మెషిన్. నా వాన్‌గార్డ్ అందులోకి వచ్చి ఏడాది అయ్యుంటుంది, అంతే. ఇచ్చిన ధరలో సగం ఆ అబద్ధానికే ఇచ్చాను. అప్పటినుంచీ లైటూ భూతద్దం జేబులో లేకుండా ఏ సంతకీ వెళ్ళను.

అయితే రెండో జత కనిపించగానే వాచీని తీసిపారేయకండి. రైల్వే ఉద్యోగులకి వాచీ రైల్వే కంపెనీ ఇచ్చేది కాదు, వాళ్ళే సొంత డబ్బుతో కొనుక్కునేది. ఓహైయోలో కిప్టన్ దగ్గర 1891 ఏప్రిల్‌లో రెండు రైళ్ళు ఢీకొన్నాక తనిఖీలు గట్టిపడ్డాయి, వెబ్ బాల్ ఆ పనిలోకి వచ్చాడు. తర్వాతి ఏళ్ళలో ఒక్కో రైల్వే తన నిబంధనలు బిగించుకుంటూ పోయింది: మూత లేని ఓపెన్ ఫేస్, 16 లేదా 18 సైజు, కనీసం 17 జ్యూయెల్స్, అయిదు పొజిషన్లలో (వాచీని అయిదు రకాలుగా ఉంచి చూసి) సరిచేసినది, వారానికి 30 సెకన్లకి మించి తేడా రానిది, టైము మార్చడానికి లీవర్ లాగాల్సినది. ఇవన్నీ ప్రధానంగా మెషిన్ గురించి. కేసు ఏ లోహమన్నది ఆ ఉద్యోగి ఇష్టం, అతని జేబుకి తగ్గట్టు. నిబంధన మారినప్పుడు పాత మెషిన్ తీసేసి, పాత కేసులోనే కొత్త మెషిన్ పెట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు.

అలాంటిది ఒకటి నా చేతిలోకి వచ్చింది. ఒక రిటైరైన ఇంజను డ్రైవరు మనవరాలు శుభ్రం చేయమని 18 సైజు నికెల్ కేసు వాచీ తెచ్చారు. గట్టు మీద రెండు జతల గీతలున్నాయి, రెండూ పాతవే, రెండింట్లోనూ మురికి. వాచీతో పాటు ఒక మడతపెట్టిన బిల్లు ఉంది. 17 జ్యూయెల్స్ మెషిన్ ఇచ్చేసి, తేడా కట్టి, 21 జ్యూయెల్స్ హామిల్టన్ 940 తీసుకున్నట్టు అందులో రాసి ఉంది. కేసు మార్చలేదు. మెడ దగ్గర రింగు గొలుసు రాపిడికి సన్నబడి సగం అరిగిపోయింది. ఆ అరుగుదల అంతా ఒక్క మనిషి చేతిది. సేకరించేవాళ్ళ లెక్కలో అది "మార్చిన కేసు". నా లెక్కలో మాత్రం నేను చూసినవాటిలో అంతకంటే నిజమైన రైల్‌రోడ్ వాచీ లేదు. ఎవరైనా ఆ బిల్లు పారేసి, "సరైన" కేసు వెతికి పెట్టి ఉంటే ఎంత నష్టమో ఆలోచించండి.

స్క్రూల తర్వాత నేను చూసేది లీవర్. 992 లో ముళ్ళు తిప్పాలంటే అద్దం ఉన్న రింగు విప్పి, డయల్ అంచున, పన్నెండుకి కుడివైపు ఉన్న చిన్న లీవర్‌ని గోటితో బయటికి లాగాలి. ఆ లీవర్ కదలడానికి కేసు అంచులో చోటు కావాలి. లీవర్ మెషిన్‌కని చేసిన కేసులో ఆ చోటు ఫ్యాక్టరీ కోతతో నున్నగా ఉంటుంది. ఆకురాయితో రాసిన గరుకు, వంకర గాటు కనిపిస్తే తర్వాత ఎవరో ఈ మెషిన్ పట్టేలా కేసుని సవరించారని అర్థం. దీనికి తిరగేసి కూడా చూడండి: లీవర్ కోసం కోసిన గాడి ఖాళీగా ఉండి, లోపలున్నది కాడ లాగి టైము మార్చే మెషిన్ అయితే ఆ జంట కుదిరింది కాదు.

కీ ఇచ్చే గుండీ మూడు అంకె దగ్గర ఉండి, పైన మూత లేకపోతే అది హంటర్ (డయల్ మీద మూత ఉండే కేసు కోసం చేసిన) మెషిన్‌ని ఓపెన్ ఫేస్ కేసులో పెట్టినట్టు. వీటిని ఇక్కడ సైడ్‌వైండర్లు అంటారు. హామిల్టన్‌లో 992 ఓపెన్ ఫేస్, దాని జోడీ 993 హంటర్. మెషిన్ మీద 993 అని ఉండి కేసు ఓపెన్ ఫేస్ అయితే ఎక్కువసార్లు దాని అసలు బంగారు హంటర్ కేసు కరిగించేసి ఉంటారు. ఈ కరిగించడం గురించి తలచుకుంటే నాకిప్పటికీ మనసు పాడవుతుంది. 1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకి చేరింది. ఆ రోజుల్లో గట్టి బంగారు కేసులు కుప్పలుగా మూసలోకి పోయాయి, మెషిన్లు మాత్రం డబ్బాల్లో మిగిలాయి. పేర్లు చెక్కినవి, రిటైర్మెంట్ తేదీలు చెక్కినవి కూడా పోయాయి. ఇప్పుడు మార్కెట్లో తిరిగే మార్పిడి వాచీల్లో చాలావరకు ఆ అనాథ మెషిన్లే, దొరికిన కేసులో పెట్టి అమ్మినవి.

మూత లోపల చదవాల్సింది చాలా ఉంటుంది. కేసు నంబరు మెషిన్‌తో కలవకపోయినా, కేసు భాగాలు తమలో తాము కలవాలి. వెనక మూత మీద ఉన్న నంబరే, లోపలి దుమ్ము మూత ఉంటే దాని మీదా ఉండాలి. కొన్నిట్లో చివరి అంకెలు మాత్రమే కొట్టి ఉంటాయి. కలవకపోతే రెండు మూడు కేసుల ముక్కలు కలిపి ఒకటి చేశారన్నమాట. మెషిన్ నంబరుకి ఉన్నట్టు కేసు నంబరుకి నమ్మదగ్గ సంవత్సరాల పట్టికలు లేవు, కాబట్టి ఆ నంబరు పట్టుకుని తేదీ కట్టడానికి ప్రయత్నించకండి.

తేదీకి ఇంకో దారి ఉంది, మీ వాచీలోనే ఉంది: "20 ఇయర్స్". గోల్డ్ ఫిల్డ్ అంటే నాసిరకం లోహపు రేకుకి రెండువైపులా బంగారు రేకు అతికి, రోలర్ల మధ్య నొక్కి చేసినది. జేమ్స్ బాస్ 1859లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, కీస్టోన్ కేసుల మీద కనిపించే బాస్ పేరు ఆయనదే. మనవైపు రోల్డ్ గోల్డ్ అంటే గిల్టు నగలనే అర్థం స్థిరపడిపోయింది గానీ, ఆ పేరు పుట్టింది ఇలాంటి పని నుంచే, వీటి మీద బంగారం పొర కూడా చాలా మందం. ఎంతకాలం మన్నుతుందో ఏళ్ళలో చెప్పి ముద్ర వేసేవారు, 20 ఏళ్ళు, 25 ఏళ్ళు అని. అమెరికా ప్రభుత్వం 1920ల మధ్యలో ఆ ఏళ్ళ హామీ ముద్రని ఆపించింది. ఆ తర్వాతి కేసుల మీద 10 క్యారెట్ గోల్డ్ ఫిల్డ్, 14 క్యారెట్ గోల్డ్ ఫిల్డ్ అని మాత్రమే ఉంటుంది. కాబట్టి ఏళ్ళ ముద్ర ఉన్న కేసులో 1940ల 992బి కనిపిస్తే ఆ జంట తప్పు. మీది 1910ల మెషిన్, 20 ఏళ్ళ ముద్ర. కాలం కుదిరింది.

మూత లోపల సూదిమొనతో గీకినట్టున్న అంకెలు కూడా చూడండి. రిపేరు చేసినవాళ్ళు తమ గుర్తు, ఒక్కోసారి తేదీ గీకి పెట్టుకునేవారు. మెషిన్ పుట్టిన ఏడాది కంటే ముందు తేదీ అక్కడ కనిపిస్తే కేసు పాతదీ మెషిన్ తర్వాత వచ్చిందీ అని తేలిపోతుంది. వెనక చెక్కిన పేర్లకి, బహుమతి తేదీలకి కూడా ఇదే లెక్క. డయల్ మీద ఏదైనా నగల షాపు పేరు, ఊరు ఉండి, కేసు మీద అదే ఊరో అక్కడి రైల్వే పేరో చెక్కి ఉంటే అది చాలా గట్టి సాక్ష్యం.

రెండు మాటలు త్వరగా. వెనక మూత మీద రైలింజను బొమ్మ చెక్కి ఉన్నంత మాత్రాన అది రైల్‌రోడ్ వాచీ కాదు. అవి జనానికి అమ్మడానికి చేసినవి, తెరిచి చూస్తే 7 జ్యూయెల్స్ మెషిన్ ఉండడం మామూలే. అలాగే సిల్వరాయిడ్, సిల్వరీన్ అనే పేర్లు చూసి వెండి అనుకోకండి, అది నికెల్ కలిసిన మిశ్రమం. కానీ కష్టమైన పనికి వాడిన గట్టి కేసులు అవే, వాటిని తక్కువగా చూడకండి. వెనక అద్దం ఉన్న కేసు కనిపిస్తే, అది షాపులో మెషిన్ చూపించడానికి వాడినదైనా కావచ్చు, ఈమధ్య చేసిందైనా కావచ్చు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఒక 992 తీసేసి ఇంకో 992 పెడితే స్క్రూలు అదే చోట కూర్చుంటాయి, గీతలు ఏమీ పట్టివ్వవు. అందుకే గీతలు, లీవర్, ముద్ర, గీకిన తేదీలు, అరుగుదల అన్నీ ఒకే కథ చెబుతున్నాయా అని చూస్తాను. కేసు అరిగి ఇత్తడి తేలి, మెషిన్ మాత్రం స్క్రూ తలల మీద ఒక్క గాటు లేకుండా ఉంటే నాకు నమ్మకం కుదరదు. మెడ రింగు, కీ ఇచ్చే గుండీ, అద్దం మాత్రం అరిగిపోయే వస్తువులు. అవి మార్చి ఉన్నా నేను ధర తగ్గించను.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇప్పటిదాకా మీ వాచీలో తప్పు ఏదీ కనిపించలేదు, సగం పరీక్ష పాసైంది. మళ్ళీ వెళ్ళినప్పుడు అమ్మేవాళ్ళనే మూతలు తీయమనండి. హామిల్టన్‌కి స్క్రూ మూతలు సాధారణం. చాకు, బ్లేడు పెట్టి ఎత్తనివ్వకండి, రబ్బరు గ్లౌజు వేసుకుని అరచేత్తో నొక్కి ఎడమవైపు తిప్పితే వస్తుంది. వెనక తిరిగే మూత లేకపోతే అది స్వింగ్ ఔట్ కేసు కావచ్చు. దానిలో ముందు అద్దం రింగు విప్పి, గుండీని టిక్‌మనేదాకా పైకి లాగాకే ఆరు అంకె వైపు నుంచి మెషిన్‌ని ఎత్తాలి. లాగకుండా ఎత్తితే కాడ విరుగుతుంది.

నాలుగు ఫోటోలు కావాలి: ఏటవాలు వెలుతురులో రెండు స్క్రూల దగ్గరి గట్టు, చుట్టూ మిగతా గట్టు, డయల్ వైపు నుంచి లీవర్ గాడి, వెనక మూత లోపలి భాగం మొత్తం. అవి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. అప్పటిదాకా బయానా ఇవ్వకండి. కొన్నాక కూడా కేసుకి పాలిష్ పెట్టించకండి, ఆ గీకిన అంకెలూ నెలవంకలూ పోతే ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు.